పడక డ్యూటీ

భూమి తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి రోజంతా తీసుకుంటుంది. అదే పని మా అమ్మమ్మకు అప్పగించి ఉంటే పొద్దున పదకొండింటికల్లా తిరిగేసి, ఇరుసుకు గ్రీజు కూడా పెట్టి, "మిగతా గ్రహాల పని ఎంతవరకు వచ్చింది? ఆ శనిగ్రహాన్ని ఎవరు చూస్తున్నారు? ఇటు పడేయండి" అని ఉండేది. సూర్యుడికి మాత్రం ఆవిడ కింద ఉద్యోగం నిలిచేది కాదు. ఒకేచోట కూర్చునేవాళ్ళంటే ఆవిడకు గిట్టదు.

నమ్మకం కుదరనివాళ్ళు ఆవిడ పనిచేసే ఆసుపత్రి మంచాల ఫ్యాక్టరీకి వెళ్ళి, పై అంతస్తులో డిజైన్ గది గుమ్మం దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే చాలు. ఆ అయిదు నిమిషాల్లో ఆవిడ నాలుగుసార్లు వాళ్ళ కాలు తొక్కుతుంది. తొక్కిన ప్రతిసారీ "దారికడ్డంగా ఎవరండీ?" అని వాళ్ళనే కోప్పడుతుంది.

అమ్మమ్మకు యాభై తొమ్మిదేళ్ళు. ఆ ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఇరవై రెండు. అప్పట్లో ఆవిడ పని, ఇంకొకరు గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి నల్లసిరాతో మక్కీకి మక్కీ దించడం. దించుతూ దించుతూ మధ్యలో లేచి, గీసినాయన బల్ల దగ్గరికి వెళ్ళి "ఈ బోల్టు ఇక్కడుంటే దుప్పటి తగులుకుని చిరుగుతుంది సార్" అనేది. ఆయన విసుక్కునేవాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళేది. ఆ పోరు పడలేక చివరికి ఆయన "నువ్వే గీసుకోవమ్మా" అని పెన్సిలు చేతిలో పెట్టాడట. పెన్సిలు కోసం లేచిన మనిషి ఇప్పటివరకూ కూర్చోలేదు. మా ఇంట్లో నాలుగు కుర్చీలు ఒకేరోజు కొన్నవి. మూడింటికి అల్లిక జారిపోయింది. నాలుగోది, అంటే ఆవిడది, షాపులో ఎలా ఉందో అలాగే ఉంది. "మీ అమ్మమ్మకు జీతం ఇచ్చేది గీసినందుకు కాదు, నడిచినందుకు" అంటాడు తాతయ్య.

ఇప్పుడు ఆవిడ ఆ డిజైన్ గదికి పెద్ద. గదిలో ఆరు బల్లలు, ఆరు కంప్యూటర్లు, మనిషంత పొడుగు కాగితాలు కక్కే ప్రింటరు ఒకటి. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కింద షెడ్డులోంచి పెయింటు వాసన. అందుకని ఆ కిటికీకి ఎప్పుడూ సగం తెరిచిన బతుకే. షెడ్డులోకి దిగడానికి పదిహేడు ఇనుప మెట్లు. వాటి మీద టకటకమని చప్పుడైతే కింద పనివాళ్ళు కబుర్లాపి తలలు వంచుకుంటారు. ఆవిడకు వాళ్ళు పెట్టుకున్న పేరు చక్రాలమ్మ. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "మంచానికి చక్రాలు నాలుగే, నాకెన్నో లెక్కపెట్టి చెప్పండి" అంటుంది.

గది మధ్యలో ఎప్పుడూ ఒక నమూనా మంచం ఉంటుంది. దాని వెనక ఒక ఆచారం ఉంది. ఆచారమంటే పాతకాలం నుంచి వచ్చింది కాదు, అమ్మమ్మ పెట్టిందే. దాని పేరు పడక డ్యూటీ. కొత్త నమూనా తయారైనప్పుడల్లా గదిలో ప్రతి ఒక్కరూ వంతులవారీగా ఒక పనిరోజు మొత్తం దాని మీద పడుకోవాలి. పొద్దున తొమ్మిదికి దుప్పటి కప్పుకుంటే సాయంత్రం అయిదున్నరకే తీయడం. బాత్రూముకు తప్ప దిగకూడదు. మంచినీళ్ళు కావాలంటే అడుక్కోవాలి. ఫోను కింద పడితే, దాటివెళ్ళేవాళ్ళెవరైనా తీసిచ్చేదాకా దాన్ని చూస్తూ ఉండాలి. ఏది గుచ్చుకున్నా, ఏది అందకపోయినా, ఏది కిర్రుమన్నా టైముతో సహా పొడుగు పుస్తకంలో రాయాలి.

చాలా ఏళ్ళ కిందట అమ్మమ్మ వాళ్ళమ్మ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో పడుకుంది. మంచం ఈ ఫ్యాక్టరీదే. పక్కన స్టూలు మీద నీళ్ళగ్లాసు ఉంది. పెద్దావిడ చెయ్యి చాపితే జానెడు దూరంలో ఆగిపోతోంది. "నువ్వు చేసిన మంచమేనటే ఇది?" అని అడిగిందట. కోపంగా కాదు, మామూలుగానే. మర్నాటి నుంచి గదిలో పడక డ్యూటీ మొదలైంది. గ్లాసు పెట్టుకునే కొక్కెం, ఒంటిచేత్తో విప్పగలిగే పక్క కమ్మీ, రెండూ ఆ పుస్తకంలోంచే పుట్టాయి.

డ్యూటీ అందరికీ ఉంది, అమ్మమ్మకు తప్ప. "నాకు పని లేదనుకున్నారా?" అంటుంది. ఒకసారి పౌరుషానికి పోయి పడుకుంది. పదకొండో నిమిషంలో లేచి, ప్రింటరులో కాగితం అయిపోయినట్టుంది చూసొస్తానంది. ప్రింటరులో కాగితం నిండుగా ఉంది.

ఆవిడ కింద ముగ్గురు. ఒకడు నిచ్చెన. ఏ మంచం మీద పడుకున్నా పాదాలు బయట గాల్లో ఉండేంత పొడుగు. రెండో ఆయన అవునవును. నలభై అయిదేళ్ళ పెద్దమనిషి, ఒళ్ళు కూడా పెద్దదే. ఎవరేమన్నా "అవునవును" అని తలూపి ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. మూడోది లెక్కల పిల్ల. ఏ కడ్డీ ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టడం ఆ అమ్మాయి పని. మాట చాలా నెమ్మది. ఏం చెప్పాలన్నా "అంటే మేడం..." అని మొదలుపెడుతుంది. ఆ మొదలు విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, చివర విన్నవాళ్ళు ఎవరూ లేరు. బల్లలు ఆరుంటే మనుషులు నలుగురే ఎందుకున్నారంటే, ఇద్దరు అప్పటికే మానేశారు. ఎందుకు మానేశారో అమ్మమ్మ అడగలేదు. అడిగే తీరిక లేదు.

ఒక సోమవారం చిన్న యజమాని మెట్లెక్కి వచ్చాడు. పెద్ద యజమాని కొడుకు. అమ్మమ్మకు అతను నిక్కర్లేసుకున్ననాటి నుంచి తెలుసు.

"కూర్చోండి మేడం."

"పర్లేదు బాబూ, చెప్పండి."

"పెద్దాసుపత్రి వాళ్ళు మంచాలన్నీ మారుస్తున్నారట. పందొమ్మిది రోజుల్లో వాళ్ళ పెద్ద నర్సు వచ్చి మన నమూనా చూస్తుంది. ఇప్పుడు ఒక రోగిని లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు నర్సులు కావాల్సి వస్తోంది. ఒక్కరితోనే అయిపోవాలి. అదొక్కటే వాళ్ళడిగేది."

"మోటారు పెడదామా?"

"వద్దంటున్నారు. కరెంటు పోతే కష్టం. చేత్తో తిప్పేదే కావాలి."

"అదెంత పని బాబూ, చేసేద్దాం." అమ్మమ్మ అప్పటికే బోర్డు వైపు నడుస్తోంది.

"మేడం, ఒక్క మాట ఆగండి." అతను గొంతు తగ్గించాడు. "ఆ నర్సు గనక కాదని వెళ్ళిపోతే ఈ గదిని పరుపుల స్టోరు చేసేస్తాను. డ్రాయింగులు బయట కొనుక్కుందాం. మీరెలాగూ వచ్చే ఏడు రిటైరవుతారు. వీళ్ళని ప్యాకింగులోనో సేల్సులోనో సర్దుతాను. మీరే చెప్పండి, మూడేళ్ళలో ఈ గదిలోంచి కొత్తది ఒక్కటైనా బయటికి వచ్చిందా?"

అమ్మమ్మ మనసులోనే లెక్కపెట్టుకుంది. కొక్కెం పాతది. కమ్మీ పాతది. గత మూడేళ్ళుగా గదిలోంచి డ్రాయింగులు వెల్లువలా వచ్చాయి గానీ, అన్నీ పాతవాటికే కొత్త రంగులు.

ఆవిడ ముగ్గురికీ ఉన్నదున్నట్టు చెప్పింది. బోర్డు మీద 19 అని పెద్దగా రాసింది. దాని కింద అరగంటల చార్టు అతికించింది. తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర వరకు ఎవరు ఏం గీయాలి, తొమ్మిదిన్నర నుంచి పది వరకు ఎవరు ఏం లెక్కకట్టాలి, అలా సాయంత్రం దాకా. పూర్తయిన గడికి పచ్చ గీత, కాకపోతే ఎర్ర గీత. అవునవును మూడోరోజుకల్లా ఆ పచ్చ పెన్ను ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు.

కాలుగాలిన పిల్లిలా తిరిగింది అమ్మమ్మ ఆ రోజుల్లో. మెట్లు దిగేది, ఎక్కేది. ఎక్కాక దేనికి దిగిందో గుర్తొచ్చి మళ్ళీ దిగేది. ఇంట్లో పళ్ళు తోముకుంటూ వరండాలో నడిచేది. ఆవిడ గుండెల్లో ఉన్నది ఒకటే భయం. ఈ ముప్పై ఏడేళ్ళ గది పరుపుల స్టోరు అయితే, ఆ ముగ్గురూ అట్టపెట్టెలకు టేపు వేసుకుంటూ ఉంటే, తను ఏ ముఖం పెట్టుకుని ఆ గేటు దాటి వెళ్ళాలి?

అయిదోరోజుకు కింద షెడ్డులో ఫిట్టర్ బాబాయ్ నమూనా మంచం అతికించి పైకి పంపాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఫ్యాక్టరీలో అమ్మమ్మను "అమ్మాయ్" అని పిలిచే ధైర్యం ఆయనొక్కడికే ఉంది. హ్యాండిల్ తిప్పితే తలవైపు పలక మెల్లగా లేస్తుంది. పళ్ళచక్రం కొత్తది కావడంతో చిటికెన వేలితో తిప్పినా తిరుగుతోంది. ముగ్గురూ మూడు రోజులు పడక డ్యూటీ చేశారు. పుస్తకంలో రాసినవన్నీ అమ్మమ్మ నిలబడే చదివి, ఎర్ర పెన్సిలుతో పక్కనే జవాబులు గిలికేసింది.

బోర్డు మీద అంకె 10కి దిగింది. ఆ పొద్దున ఆవిడ అందరినీ మంచం చుట్టూ నిలబెట్టింది.

"చెప్పండి. ఎవరికి ఏ ఆలోచన వచ్చినా చెప్పేయండి. తప్పయినా పర్లేదు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఊఁ, కానివ్వండి."

నిచ్చెన గొంతు సవరించుకున్నాడు. "మేడం, హ్యాండిల్ గనక కాస్త..."

"పొడుగు చేస్తే దారిన పోయేవాళ్ళ మోకాలికి తగులుతుంది. చూశాను. ఇంకా?"

"కాదు మేడం, పొట్టి చేద్దామని..."

"పొట్టి చేస్తే తిప్పేవాళ్ళ భుజం ఊడుతుంది. ఇంకా?"

"అవునవును," అన్నాడు అవునవును.

"ఏది అవును? పొడుగా, పొట్టా?"

"రెండూ మేడం."

లెక్కల పిల్ల చెయ్యి కొంచెం పైకెత్తింది. "అంటే మేడం... నేను మొన్న పడుకున్నప్పుడు..."

"పుస్తకంలో రాశావుగా? చదివేశాను. ఇంకెవరైనా? లేరా? చూశారా, ఇదీ మన సంగతి. అడిగితే ఒక్కరి నోట్లోంచి ఒక్క ఆలోచన రాదు. పదండి పదండి, ఏడు నిమిషాలు పోయాయి."

అప్పుడు ఆ ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అమ్మమ్మ చూడలేదు. అప్పటికే పదిహేడు మెట్లూ దిగేసింది.

మర్నాడు చిన్న యజమాని పైకి వస్తున్నాడని తెలిసి, హ్యాండిల్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చూపించాలని అమ్మమ్మకు ఉబలాటం పుట్టింది. నిచ్చెనను మంచం మీద పడుకోబెట్టింది. స్టాప్‌వాచీ అవునవును చేతికిచ్చింది. వంగి, ముప్పై చుట్లు చకచకా తిప్పడం మొదలుపెట్టింది. ఇరవై రెండో చుట్టులో టక్కుమని ఒక చప్పుడైంది.

"గేరు పన్ను ఊడిందా మేడం?" అన్నాడు నిచ్చెన, పడుకునే.

"గేరు కాదురా," అంది అమ్మమ్మ, వంగినది వంగినట్టే ఉండి. "నేను."

నడుం పట్టేసింది. ముందుకూ రాదు, వెనక్కీ రాదు. చిన్న యజమాని గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడ అతనికి దండం పెట్టబోయి మధ్యలో మరిచిపోయినట్టు నిలబడి ఉంది. నిచ్చెన దిగాడు, నలుగురూ కలిసి ఆవిడనెత్తి అదే మంచం మీద పడుకోబెట్టారు. గదిలో ఉన్న పడక అదొక్కటే.

ఫ్యాక్టరీ డాక్టరు వచ్చి చూసి, వారం రోజులు వెల్లకిలా పడుకోవాలన్నాడు. లేవకూడదు, వంగకూడదు, గట్టిగా అరవను కూడా అరవకూడదు.

"అరవడానికీ నడుముకీ ఏమిటండీ సంబంధం?"

"ఒకసారి అరిచి చూడండి."

అరిచింది. సంబంధం తెలిసింది.

సాయంత్రం ఆవిడను స్ట్రెచర్ మీద మెట్లు దించి ఇంటికి చేర్చారు. మర్నాడు పొద్దున తాతయ్య ఎంత మొత్తుకున్నా వినకుండా వాళ్ళచేతే మళ్ళీ మోయించుకుని వచ్చేసింది. "ఇంట్లో పడుకుంటే రోగిని. అక్కడ పడుకుంటే పడక డ్యూటీ" అంది. తాతయ్య స్ట్రెచర్ పక్కనే గేటు దాకా నడిచి, మోసేవాళ్ళతో "ఈవిడ ఒకచోట కదలకుండా ఉండటం పెళ్ళయ్యాక ఇదే చూడటం నాయనా, ఒక ఫొటో తీయండి" అన్నాడు.

బోర్డు మీద 8. అమ్మమ్మకు ఆ బోర్డు కనిపించడం లేదు. కనిపించేది పైకప్పు, ఒక ట్యూబులైటు, దాని పక్కన పెళ్ళలూడిన సున్నం. ముప్పై ఏడేళ్ళలో ఆ పైకప్పును ఆవిడ నింపాదిగా చూడటం అదే మొదటిసారి. కాసేపు కాళ్ళ వేళ్ళు ఆడించింది. తర్వాత పెన్సిలుతో పక్క కమ్మీ మీద టిక్కు టిక్కుమని కొట్టింది. అరగంటయ్యాక నిచ్చెన మెల్లగా వచ్చి ఆ పెన్సిలు తీసుకుపోయాడు.

"అమ్మడూ, కాస్త తల ఎత్తు," అంది లెక్కల పిల్లతో. ఆ అమ్మాయి హ్యాండిల్ తిప్పింది. తలవైపు పలక లేచింది. గది కనిపించింది, ప్రాణం లేచొచ్చింది. గంట తర్వాత నడుం నొప్పిగా ఉందని పలక దించారు. మళ్ళీ ఎత్తారు. మళ్ళీ దించారు. మధ్యాహ్నం టీ తాగడానికి ఇంకోసారి ఎత్తేసరికి ఆవిడ గడ్డం రొమ్ముకు ఆనుతోంది, మెడ మడతపడింది, పాదాలు దేనికో తగిలాయి. ఏమిటా అని చూస్తే మంచం చివరి పలక. అంత పొట్టి మనిషికి చివరి పలక తగలడమేమిటి? పలక లేచినప్పుడల్లా ఆవిడ రెండు వేళ్ళ మేర కిందికి జారుతోంది.

"నన్ను పైకి లాగరా."

నిచ్చెన ఒక చంక పట్టుకుని లాగాడు. కదల్లేదు. అవునవును రెండో చంక పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగితే పైకి వచ్చింది.

ఇద్దరు.

హ్యాండిల్ తిప్పడానికి ఒక్క నర్సు చాలు. జారిన మనిషిని మళ్ళీ పైకి లాగడానికి ఇద్దరు కావాలి. ఏ ఒక్క పని కోసం ఈ మంచం చేశారో ఆ పనే ఇది చేయడం లేదు. హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతోందని తను వారం నుంచి మురిసిపోతోంది.

"పడక డ్యూటీ చేశారు కదరా ముగ్గురూ! ఒక్కరైనా రాయలేదేం?"

"నా కాళ్ళు ఎప్పుడూ చివరి పలకకు తగులుతూనే ఉంటాయి మేడం," అన్నాడు నిచ్చెన. "నా పొడుగే అనుకున్నాను."

అవునవును తన పచ్చ పెన్ను జేబులోకి తోసేశాడు. లెక్కల పిల్ల పొడుగు పుస్తకం తెచ్చి, పేజీ తీసి, ఆవిడ ముఖం పైన పట్టుకుంది. "పదకొండున్నర: తల ఎత్తినప్పుడల్లా కిందికి జారుతున్నాను. రెండుంపావు: పాదాలు చివరికి వచ్చేశాయి. నాలుగు: నాలుగోసారి నేనే పైకి జరిగాను." పక్కనే ఎర్ర పెన్సిలుతో అమ్మమ్మ చేతిరాత: "దిండు సర్దుకో."

ఆ రెండు మాటలు ఆవిడ చాలాసేపు చదివింది. తల తిప్పుకుందామంటే నడుం ఒప్పుకోలేదు.

"సరే," అంది చివరికి. "నడుముకు ఒక బెల్టు పెట్టి..."

"అంటే మేడం..." అంది లెక్కల పిల్ల.

"...లేకపోతే పరుపుకు గరుకు గుడ్డ..." అని గొంతు పెంచబోయింది అమ్మమ్మ. నడుంలో చురుక్కుమంది. ఊపిరి ఆగింది. నోరు తెరిచే ఉంది గానీ మాట రాలేదు. నడిచి వెళ్ళిపోదామంటే కాళ్ళు లేవు. అలా, ఉద్యోగంలో చేరిన ఇన్నాళ్ళకు లెక్కల పిల్ల మాటకు అడ్డు లేకుండా పోయింది.

ఆ అమ్మాయి మొదట కంగారుపడింది. ఎవరైనా ఆపుతారేమోనని రెండుసార్లు తనే ఆగింది. ఎవరూ ఆపలేదు. "అంటే మేడం, మనం నేల మీద పడుకుని లేచి కూర్చోవాలంటే ముందు మోకాళ్ళు ముడుస్తాం కదా. ముడవకుండా లేస్తే జారతాం. ఇక్కడ కూడా మోకాళ్ళ కింద ఒక పలక ఉండి, అది ముందు కొంచెం లేవాలి. తొడలు అడ్డం పడితే మనిషి ఆగుతాడు. ఆ తర్వాతే తల లేవాలి. ఎంత లేవాలో లెక్క కట్టాను. మూడు రోజులైంది కట్టి."

గోడ గడియారం ప్రకారం ఆ మాట పూర్తి కావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అమ్మమ్మకు అది నాలుగేళ్ళనిపించింది. మధ్యలో కనీసం ఆరుసార్లు ఆవిడ నాలుక కొనదాకా వచ్చిన మాట నడుముకు భయపడి వెనక్కి వెళ్ళింది.

"కాదు," అని ఎవరో అన్నారు.

అందరూ తిరిగి చూశారు. అన్నది అవునవును.

"కాదమ్మా. మోకాళ్ళకో హ్యాండిలు, తలకో హ్యాండిలు అంటే నర్సు ఇటు ఒకసారి, అటు ఒకసారి తిరగాలి. తొందర్లో ముందు తలదే తిప్పుతుంది. ఒకే హ్యాండిల్ మీద రెండూ రావాలి." ఇంత చెప్పి ఆయన చెమట తుడుచుకున్నాడు. ఆ అమ్మాయి లెక్క కడుతుంటే పక్కనుంచి చూసి, ఆ మాట తనకు మొన్ననే తోచిందట, ఎవరూ అడగలేదట.

ఒకే హ్యాండిల్‌తో ఒకటి ముందు, ఒకటి తర్వాత ఎలా కదులుతాయి? ఆ చిక్కు విప్పడానికి ఫిట్టర్ బాబాయ్‌ను పైకి పిలిచారు. ఆయన మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, మంచం మీదున్న అమ్మమ్మను చూసి "ఏం అమ్మాయ్, చక్రాలకు గాలి పోయిందా?" అన్నాడు. ఆ తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద గీశాడు. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పాడు: హ్యాండిల్ తిప్పితే ఒకే కడ్డీ కదులుతుంది. మోకాలి పలకను దానికి గట్టిగా బిగించాలి. తల పలకను బిగించేచోట మాత్రం గుండ్రటి కన్నం బదులు పొడుగాటి కన్నం పెట్టాలి. కడ్డీ ఆ కన్నం పొడుగునా ఖాళీగా జరిగినంతసేపూ మోకాళ్ళే లేస్తాయి. కన్నం చివరికి తగిలాక తల లేస్తుంది.

"ఎంత పొడుగు కన్నం?" అన్నాడు నిచ్చెన.

"అది ఈ అమ్మాయి చెప్పాలి. నేను కన్నం కోస్తాను గానీ లెక్క కోయలేను."

పద్నాలుగు డ్రాయింగులు మార్చాలి. ఎనిమిది రోజులు. లెక్కల పిల్ల చార్టు దగ్గర నిలబడి, "మేడం, దీన్ని తీసేయమంటారా? పచ్చ గీత కోసం చూసుకుంటుంటే తప్పు దిద్దుకునే టైము ఉండటం లేదు" అంది. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. ఆ చార్టు లేకపోతే ఎవరు ఎక్కడున్నారో ఎలా తెలుస్తుంది? గది పోతుందేమో. పోతే ఎవరిది తప్పు?

"తీసెయ్," అంది. "కనిపించకుండా దూరంగా పెట్టు. కనిపిస్తే అడుగుతాను."

తర్వాతి రోజులు మా అమ్మమ్మ జీవితంలోకెల్లా కష్టమైనవి. గదిలో అందరూ మాట్లాడుతున్నారు, ఆవిడ పైకప్పు చూస్తోంది. మొదటి కన్నం పొడుగు ఎక్కువైంది. ప్లైవుడ్డుతో చేసిన ఇంకో నమూనా మీద నిచ్చెన పడుకుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలి మనిషి చాకులా మడతపడ్డాడు. వాణ్ణి విప్పడానికి పదినిమిషాలు పట్టింది. అమ్మమ్మ నవ్వితే నడుం నొప్పి, నవ్వకపోతే పొట్ట నొప్పి. రెండో కన్నం పొట్టిదైంది, మళ్ళీ జారుడే. "నాకు చూపించండి, ఒక్క నిమిషం" అని రోజుకు ఇరవైసార్లు అడిగేది. వాళ్ళు చూపించేవాళ్ళు. ఆవిడ ఏదో అనబోయేది. దుప్పటి అంచు గుప్పిట్లో బిగించి, "ఊఁ, నువ్వు చెప్పు ముందు" అనేది. ఆ దుప్పటి అంచు నలిగి నలిగి పీచులు లేచింది.

మూడోసారి కన్నం కుదిరింది. కానీ బోర్డు మీద అంకె అప్పటికి ఒకటి. ఫిట్టర్ బాబాయ్ ఆ రాత్రే అసలు నమూనా మంచానికి మోకాలి పలక బిగించి, ఆ కన్నం కోశాడు.

పెద్ద నర్సు వచ్చినరోజు అమ్మమ్మ నడుముకు బెల్టు కట్టుకుని గోడకానుకుని నిలబడింది. వచ్చినావిడ భారీ మనిషి, మాటలు తక్కువ. చిన్న యజమాని డ్రాయింగులు పరవబోతే "అవి నాకెందుకండీ?" అంది. గదిలో అందరినీ ఒకసారి చూసి, అవునవును వైపు వేలు చూపించింది. "మీరు. ఎక్కండి."

అవునవును ఎక్కి పడుకున్నాడు. ఆవిడ అతని భుజం దగ్గర దుప్పటి మీద సుద్దతో గీత గీసింది. ఒంటిచేత్తో హ్యాండిల్ తిప్పింది. మోకాళ్ళు లేచాయి, తర్వాత తల లేచింది. దించింది. ఎత్తింది. అలా పన్నెండుసార్లు. పన్నెండోసారి దించి, గీత పక్కన వేలు పెట్టి చూసింది. భుజం ఒక వేలి మందం కూడా జరగలేదు.

"ఎవరిదీ ఆలోచన?"

అలవాటు కొద్దీ ముగ్గురూ అమ్మమ్మ వైపు చూశారు. చిన్న యజమాని "మా మేడం ఇక్కడ ముప్పై ఏడేళ్ళుగా..." అని మొదలుపెట్టాడు.

"నాది కాదు," అంది అమ్మమ్మ. "నేను దిండు సర్దుకోమన్నాను. ఈ అమ్మాయిది. ఆవిడతో చెప్పమ్మా."

"అంటే..." అంది లెక్కల పిల్ల. చిన్న యజమాని చేతి గడియారం చూసుకుని, "క్లుప్తంగా చెప్పాలంటే..." అని అందుకోబోయాడు.

"ఆగు బాబూ," అంది అమ్మమ్మ. "ఆ పిల్ల మాట పూర్తికానీ."

నాలుగు నిమిషాలు. పెద్ద నర్సు మొత్తం విన్నది. విని, హ్యాండిల్ దగ్గరికి తిరిగి వెళ్ళి, "తిప్పాక ఇది బయటికి పొడుచుకొచ్చి ఉంటోంది. నా పిక్కకు రెండుసార్లు తగిలింది. తడి చేతులతో పట్టుకుంటే జారుతుంది కూడా" అంది. నిచ్చెన చటుక్కున జేబులోంచి కాగితం తీశాడు. పొట్టి హ్యాండిల్, లోపలికి మడిచేది. పది రోజుల కిందట సగంలో ఆగిపోయిన మాట అది.

"నాలుగు మంచాలు పంపండి," అంది పెద్ద నర్సు, కాగితం చూసి. "నెల రోజులు వార్డులో వాడి చెప్తాం. ఇప్పుడే అవునని గానీ కాదని గానీ అనను."

ఆవిడ వెళ్ళాక చిన్న యజమాని గుమ్మంలో నిలబడి గది అంతా ఒకసారి చూశాడు. పరుపుల స్టోరు సంగతి నెల తర్వాత మాట్లాడదామన్నాడు. ఖాళీగా ఉన్న రెండు బల్లల మీద ఎవరైనా వచ్చి కూర్చుంటారేమో కనుక్కోమని కూడా అన్నాడు. మానేసిన ఇద్దరికీ అమ్మమ్మ ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసింది. ఒకతను తీయలేదు. ఇంకొకామె తీసి, ఎందుకు మానేసిందో పావుగంట చెప్పింది. అమ్మమ్మ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ, పెదవి కొరుక్కుంటూ విన్నది.

పెద్ద నర్సు అడిగిన ఆ నెల పూర్తి కావడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. నిన్న ఇదంతా రాసి, వరండాలో అటూ ఇటూ తిరుగుతున్న ఆవిడ వెనకే నడుస్తూ చదివి వినిపించాను. మొత్తానికి పడుకున్నాక చాలా మారిపోయావు కదా అమ్మమ్మా, అన్నాను.

"నేనేం మారలేదు. నడుం పట్టేసింది, నోరు మూతపడింది, పిల్లలు పనిచేశారు. నీ కథ అయిపోయిందేమో గానీ నా పని అవ్వలేదు. జరుగు."